పసుపు లేని కంకణం

కర్నూలులో ఆ ఆసుపత్రి ఐసీయూలో పెద్ద డాక్టరంటే భయపడేవాళ్లు తక్కువ, శివకుమారి అంటే భయపడేవాళ్లు ఎక్కువ. పెద్ద డాక్టరు వచ్చి రోగి మొహం చూస్తాడు, యంత్రం మీది అంకెలు చూస్తాడు, రెండు ముక్కలు చెప్పి పోతాడు. నర్సు శివకుమారి మాత్రం వచ్చినవాళ్ల చేతులు చూస్తుంది. ఆ చూపు పడితే ఎంతటివాడైనా తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకోవాల్సిందే.

మైదుకూరు నుంచి కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు శ్రీకాంత్ మొదటిరోజే దొరికిపోయాడు. ఫోను మాట్లాడుతూ లోపలికి వచ్చి, అదే చేత్తో ఒక రోగి సెలైను గొట్టం పట్టుకోబోయాడు. "సార్, చేతులు!" అని మూలనుంచి ఒక కేక. పాపం అతను పోలీసులు ఎదురైన దొంగలాగా రెండు చేతులూ పైకెత్తేశాడు. ఫోను ఎగిరి పోయి పసుపుపచ్చ సంచి తొడిగిన చెత్తబుట్టలో పడింది. అది చీమూ నెత్తురూ అంటిన దూది వేసే బుట్ట. నర్సులు మాస్కుల చాటున కిసుక్కుమన్నారు. శివకుమారికి చాటుగా నవ్వడం చేతకాదు. ఆమె నవ్వితే కింద లిఫ్టు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ తల పైకెత్తి చూస్తాడు. చివరికి శ్రీకాంత్ కూడా నవ్వేశాడు. అప్పటినుంచి అతని గడియారం మణికట్టుకు కాకుండా జేబులో ఉంటుంది.

ఆమెది ఓర్వకల్లు పక్కన రాళ్లగుట్టల మధ్య ఒక పల్లె. అక్కడ పుట్టినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఈ గుట్ట మీదినుంచి ఆ గుట్ట మీది మేకల్ని పిలవాలి కదా మరి. మొగుడు పరమేష్ ఆ దగ్గరే ఒక కంపెనీలో పని చేస్తాడు. "పెండ్లిలో తలంబ్రాలు పోయబోతాంటే, చేతులు కడుక్కున్న్యావా అని అడిగింది" అని కనబడిన ప్రతివాడికీ చెప్తాడు. అది పచ్చి అబద్ధమని శివకుమారి అంటుంది. ఆమె తప్ప ఇంకెవరూ అనరు. వాళ్లింట్లో టీవీ రిమోటు వెనక మూత, బకెట్టు పిడి, గోడమీది క్యాలెండరు అన్నీ ఆసుపత్రి పనితనంతో, నాలుగంచులూ లేవకుండా ప్లాస్టరు వేసి ఉంటాయి. ఆ ఇల్లు సిమెంటు మీద కాదు, ప్లాస్టరు మీద నిలబడిందని చుట్టాలు ఎగతాళి చేస్తారు. చేస్తే చేయనీ అంటుంది.

ఈ పిచ్చి ఆమెకు అంటించింది కృష్ణవేణమ్మ అనే పెద్ద నర్సు. ఆవిడ రిటైరై ఆత్మకూరు వెళ్లిపోయింది. కొత్తగా చేరిన రోజుల్లో శివకుమారి ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుని తెగ మురిసిపోతుంటే ఆవిడ చెవి మెలిపెట్టి చెప్పిందట: "సూది ఎక్కించేది పెండ్లి అట్లాంటిది శివా. నాలుగు గడియల్లో అయిపోతాది, అందరూ శబాషంటారు. అది కదలకుండ, చెడకుండ నిలబెట్టేది సంసారం. దాన్ని ఎవురూ సూడరు. నువ్వు సంసారం నేర్చుకో."

నిజానికి విషయం చిన్నదే. నరంలో పెట్టిన సన్నగొట్టం కదిలితే చర్మం మీది చిల్లు రవ్వంత సాగుతుంది. కంటికి ఆనని క్రిమికి ఆ రవ్వంత చాలు, నేరుగా రక్తంలోకి దిగిపోతుంది. ఏదో పెద్ద జబ్బుతో చేరి, ఆ జబ్బును గెలిచి, ఇంటికి పోయే ముందు గొట్టం పెట్టిన చోట చెడి చనిపోయినవాళ్లను శివకుమారి చూసింది. అలాంటిరోజు ఆమె అన్నం ముట్టదు, పరమేష్ కూడా హాస్యాలు ఆడడు. అందుకే ఆమె చర్మం తుడిచి, మందు రాసి, ఆ మందు ఆరేదాకా ఎంత తొందరున్నా ఆగుతుంది. మన ఎండలకు రోగి చెమట పట్టి ఉంటాడు. తడి మీద వేసిన ప్లాస్టరు, నీళ్ల మీద రాత ఒకటే. ఆగలేక చేయి చాపే కొత్త నర్సు సాహితిని "ఆరనీ తల్లీ ఆరనీ, బస్సేమన్నా పోతాండాదా?" అని నిలేస్తుంది. పైన వేసే ప్లాస్టరు గాజులాగా లోపలిది కనబడేది కావాలి, కింద ఎర్రబడితే వెంటనే తెలిసేలా.

ఇక చుట్టాలు తెచ్చే దేవుళ్ల సంగతి వేరే. విభూతి, కుంకుమ, దర్గా బూడిద, తాయెత్తు, తులసితీర్థం, అన్నీ వస్తాయి, అన్నీ సూది పెట్టిన చేతికే పూయాలంటారు. శివకుమారి దేవుడితో పోట్లాడదు. ప్రతి పొట్లాన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగించి సెలైను స్టాండుకు తగిలిస్తుంది. ఒక్కో మంచం పక్కన శ్రీశైలం మల్లన్న, పెద్ద దర్గా స్వామి, ఊరి మారెమ్మ ముగ్గురూ ఒకే కొక్కేనికి వేలాడుతూ, సెలైను చుక్కలు లెక్కపెడుతున్నట్టు ఉంటారు. "దేవుడు తలకాడ ఉండచ్చు, గొట్టంకాడ ఉండగూడదు" అన్నది ఆమె సిద్ధాంతం. దేవుళ్లెవరూ ఇప్పటిదాకా అభ్యంతరం చెప్పలేదు.

ఇలాంటి శివకుమారి రాజ్యంలోకి దేవేంద్రప్ప వచ్చాడు.

ఆలూరు అవతల, కన్నడం సగం తెలుగు సగం మాట్లాడే పల్లె ఆయనది. ఎద్దులతో బండ లాగించే పందేల్లో పేరుమోసిన మనిషి. కాలిలో ముల్లు విరిగితే లెక్కచేయలేదు. అది చీముపట్టి, విషం రక్తానికి ఎక్కి, బీపీ పడిపోయి స్పృహ తప్పే స్థితిలో తెచ్చారు. బీపీని నిలబెట్టే మందు చిన్న నరాల్లోకి ఎక్కించేది కాదు. మెడ దగ్గర పెద్దనరంలో గొట్టం వేసి, దాన్లోంచి చుక్క తెగకుండా పంపాలి. చుక్క ఆగితే మనిషి ఆగుతాడు.

జ్వరం తలకెక్కి ఆయనకు ఐసీయూ అంతా పందెం మైదానంలా కనబడింది. గొట్టాలన్నీ పగ్గాలు, యంత్రాల కూత పందెం విజిలు. "ఎద్దుల్ని ఇడ్సండప్పా! యాలకు కట్టేసినారు?" అని ఒకటే గోల. శ్రీకాంత్ గుండె వినడానికి వంగితే ఆయన వీపు నిమిరి, "మేత తిన్న్యావా బూడిదోడా?" అని పలకరించాడు. బూడిదోడంటే ఆయన ఎడమవైపు ఎద్దు. "తిన్నా తాతా" అన్నాడు శ్రీకాంత్, ఏం చేస్తాడు. ఆ రోజంతా సాహితి అతన్ని చూసినప్పుడల్లా గోడవైపు తిరిగి నవ్వింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎద్దుల్ని విడిపించాలన్న తాపత్రయంలో దేవేంద్రప్ప తన మెడలోని గొట్టాన్ని పెరికేశాడు. నెత్తురు, బీపీ పాతాళానికి, పరుగులు. శ్రీకాంత్ చెమటలు కక్కుతూ రెండోవైపు మెడలో ఇంకో గొట్టం వేశాడు. చేతులు కడుక్కుంటూ శివకుమారితో మెల్లగా చెప్పాడు.

"అక్కా, ఆ పక్క వాచిపోయింది. ఈ పక్క కూడా పోతే ఇంక తొడ దగ్గరే వేయాలి. కింద కాలు చీము పట్టి ఉంది. అక్కడ వేస్తే ఇన్ఫెక్షన్‌ను పిలిచి పీట వేసినట్టే. మత్తు ఎక్కువిద్దామంటే బీపీ తట్టుకోదు. ఇది నిలబడాలి."

"నిలబడతాది సార్" అంది శివకుమారి.

ఆమె తన విద్యంతా ఆ మెడమీద చూపించింది. చెమట తుడిచింది, మందు రాసింది, ఆరనిచ్చింది, గొట్టాన్ని పట్టి ఉంచే కుట్లు కదలకుండా గాజు ప్లాస్టరు వేసింది. గొట్టాన్ని ఒక చుట్ట తిప్పి భుజం మీద ఇంకో పట్టీ వేసింది, ఎవరైనా లాగితే ఆ గుంజుడు పట్టీ మీద పడాలి గానీ మెడమీద పడకూడదని. చేతులకు మెత్తటి సంచుల్లాంటి తొడుగులు వేసి, గుడ్డపట్టీలతో ముడులేసింది. దేవేంద్రప్ప ఆ ముడుల్ని చూసి జాలిగా నవ్వాడు. పొగరుబోతు ఎద్దులు బిగలాగిన పగ్గాలను చీకట్లో విప్పిన మనిషి ఆయన. సాహితి నీళ్లు తాగి వచ్చేలోపు ఒక తొడుగు నేలమీద ఉంది.

తన మనిషి ఎవరైనా పక్కనుంటే కుదుటపడతాడని ఆయన భార్య భీమక్కను లోపలికి రానిచ్చారు. వాకిట్లోనే శివకుమారి ఆమెను పట్టుకుంది. గాజులు మోచేతి దాకా తోయించింది. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్లు అన్నీ రుద్దించింది.

"నా పెండ్లికి నలుగు పెట్టిన్నాడు గూడ ఇంత రుద్దలే సిస్టరమ్మా" అంది భీమక్క.

"ఇంగొకసారి రుద్దవ్వా, మళ్లీ పెండ్లి చేస్తా తాతతోనే" అంది శివకుమారి. ఇద్దరూ నవ్వుకున్నారు. అవ్వ వచ్చి కూర్చుంటే తాత నిజంగానే కొంచెం నెమ్మదించాడు. శివకుమారి ఆ ధైర్యంతో పక్క మంచం వైపు తిరిగింది.

మళ్లీ ఇటు తిరిగేసరికి గాజు ప్లాస్టరు కింద పసుపు కనబడింది.

కుట్ల చుట్టూ, గొట్టం దిగే చోట, బంగారంలా మెరుస్తున్న పసుపు. భీమక్క చీరకొంగు ముడిలో ఊరి మల్లయ్య జాతరలో చల్లే బండారు పసుపు తెచ్చుకుంది. మొగుడి మెడమీద కుట్లు కనబడ్డాయి. పుండుకు పసుపు పెట్టడం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేస్తున్న పనే. ప్లాస్టరు అంచు ఎంతో ఒద్దికగా లేపి, చిటికెడు పెట్టి, మళ్లీ అంతే ఒద్దికగా ఒత్తేసింది. మల్లయ్యకు దండం కూడా పెట్టుకుంది.

శివకుమారి తిట్టలేదు. సాహితికి సైగ చేసింది. కొత్త తొడుగులు, కొత్త దూది, మందు. ప్లాస్టరు తీసి పసుపు రేణువు కూడా మిగలకుండా తుడిచి, మళ్లీ తుడిచి, ఆరబెట్టి, కొత్త ప్లాస్టరు వేసింది. ఆ పని చేస్తున్నంతసేపూ భీమక్క గోడకానుకుని నిలబడి, ఏం తప్పు చేసిందో తెలియని చిన్నపిల్లలాగా చూస్తూనే ఉంది.

"పుండుకు పసుపు పెడ్తే తప్పా సిస్టరమ్మా?"

"పుండయితే తప్పు గాదవ్వా. ఇది పుండు గాదు, వాకిలి. ఈడ పెట్టింది నేరుగా గుండెకాయకాడికి పోతాది. మన ఇంట్లో పసుపు మంచిదే, దాంట్లో దుమ్ముంటాది, పురుగుంటాది, కంటికి కనపడదు."

భీమక్క మొహం బూడిదబారింది. "నేనే సంపినానా?"

"ఏం గాలేదు. సూస్తాంటాం గదా" అంది శివకుమారి. ఆ మాట తనకే నమ్మకంగా లేదు.

అప్పుడే మంచం మీద తాత చేయి మళ్లీ మెడవైపు పాకుతోంది. శివకుమారి పట్టుకుని దించింది. మళ్లీ పాకింది. భీమక్క కళ్లు తుడుచుకుని, కొంచెంసేపు ఆ చేతినే చూసి, ఉన్నట్టుండి అంది:

"కంకణం కట్టాల. కంకణముంటే ఆయప్ప ముడి ఇప్పడు."

విషయమేమిటంటే, వాళ్ల పల్లెలో జాతరకు ముందు మొక్కున్న మగవాళ్లు మల్లయ్య పేరుతో చేతికి కంకణం కట్టుకుంటారు. మొక్కు తీరి, కట్టినవాళ్లే విప్పేదాకా ఆ చెయ్యి ఏ ముడీ విప్పకూడదు. ఎద్దు పలుపు విప్పకూడదు, మూట విప్పకూడదు, లుంగీ ముడి కూడా పెళ్లామో తమ్ముడో విప్పాల్సిందే. "జాతర దినాల్లో ఆ ఊర్లో మగోళ్లకు అర్జెంటయితే పడే పాట్లు సూడాల తల్లీ" అని, ఏడుపు మొహంతోనే భీమక్క ఫక్కున నవ్వింది. దేవేంద్రప్ప ఏ ఏడాదీ నియమం తప్పలేదట. ఒకసారి పాము పాకుతుంటే కూడా ఎద్దును విప్పకుండా, ఊరంతా వినబడేలా భార్యను పిలిచాడట.

శివకుమారి వెంటనే శ్రీకాంత్‌ను అడిగింది. సూదులేవీ లేని కుడి మణికట్టుకు, వదులుగా, శుభ్రమైన గుడ్డతో అయితే తనకేం అభ్యంతరం లేదన్నాడతను. కానీ చిక్కల్లా పసుపుతోనే. పసుపులో ముంచని దారం కంకణమెట్లా అవుతుంది? ఇది భీమక్క తేల్చగలిగే సంగతి కాదు. వరండాలోకి వెళ్లి ఊరి పూజారి మారెన్నకు ఫోను చేసి, స్పీకరు పెట్టింది.

"పసుపు లేకుంటే అది కంకణం గాదు, ఉత్త దారం" అని మారెన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

శివకుమారి ఫోను దగ్గరికి వంగింది. "స్వామీ, నేను నర్సును. మీ గుళ్లోకి నేను చెప్పులేసుకొని వస్తే ఊరుకుంటావా?"

"ఎట్ల ఊరుకుంటామమ్మా? కాళ్లిరగ్గొడ్తాం."

"ఇది నా గుడి స్వామీ. ఈడ పసుపు చెప్పుల లెక్క."

ఫోనులో మారెన్న గట్టిగా నవ్వాడు. "నీ గుడి నేమం నీది, కానీ తల్లీ. గుడ్డయితే గుడ్డ. నేను మంత్రం చదువుతా, మా వదినెను కట్టమను. ఒక్క మాట, పసుపు లేకున్నా పచ్చనిది రోంత ఏదైనా ఉంటే బాగుంటాది."

సాహితి వార్డంతా వెతికి వచ్చింది. ఐసీయూలో పచ్చగా ఉన్నది ఒకటే ఒకటి, చెత్త సంచి. ఆ సంగతి చెప్పేసరికి శివకుమారికి నవ్వు ఆగలేదు, సాహితికి ఆగలేదు, ఎందుకో తెలియకపోయినా భీమక్కకు ఆగలేదు, ఫోనులో మారెన్న "ఏమాయె, ఏమాయె?" అని అడుగుతూనే ఉన్నాడు. ముగ్గురు ఆడవాళ్లు గోడ పట్టుకుని నవ్వారు. అంత భయం మీద అంత నవ్వు ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు.

చివరికి తెల్ల కంకణమే ఖాయమైంది. కొత్త పొట్లం విప్పి తీసిన గుడ్డపట్టీ. భీమక్క మళ్లీ గోళ్ల దాకా రుద్దుకుంది. అద్దం అవతల ఒక నర్సు ఫోను పట్టుకుని నిలబడింది, మారెన్న మంత్రం చదివాడు, ఇవతల భీమక్క మొగుడి కుడిచేతికి ముడి వేసింది.

కాసేపటికి దేవేంద్రప్ప చేయి అలవాటు ప్రకారం మెడవైపు లేచింది. కళ్లముందుకు వచ్చిన కంకణాన్ని ఆయన చూశాడు. చేయి ఆగింది. వెనక్కి దిగింది. శివకుమారి ఎగిరి గంతేయబోయి, ఐసీయూ అని గుర్తొచ్చి, సాహితి భుజం గిల్లి సరిపెట్టుకుంది.

అయితే ఒకటి మరిచిపోయారు. తను విప్పకూడదు గానీ, వేరేవాళ్లతో విప్పించుకోవచ్చు కదా. దేవేంద్రప్ప ఆజ్ఞలు మొదలయ్యాయి.

"భీమీ, ఈ పగ్గం ఇప్పు. నా చేతికి కంకణముండాది."

"నాకూ ఉండాది" అంది భీమక్క.

"యాడ? సూపించు."

అప్పటికప్పుడు భీమక్కకూ ఒక తెల్లపట్టీ పడింది. తర్వాత సాహితి వంతు. అక్కడ వచ్చింది తంటా. నర్సుగానీ డాక్టరుగానీ మణికట్టుకు దారం, గడియారం, గాజు ఏదీ ఉండకూడదన్నది శివకుమారి పెట్టిన కట్టుబాటే. వాళ్లకు కంకణాలు కడితే ఆమె నియమం ఆమే తప్పినట్టు. కట్టకపోతే తాత ఊరుకోడు. "ఏమప్పా బూడిదోడా, నీ చేతికి కంకణం లేదే. రా, ఇప్పుదువు!" అని శ్రీకాంత్ కనబడితే చాలు కేకేస్తాడు. చివరికి ఆ మంచం పక్కనుంచి పోయేవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నారు. పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చి, తన వెనక వరసగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డవాళ్లను చూసి, వీళ్లకింత వినయం ఎప్పుడు వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు.

మర్నాడు జ్వరం పెరిగింది.

అందరి నవ్వూ ఆగిపోయింది. తాత పళ్లు టకటకలాడేలా వణికాడు. శివకుమారి మెడ దగ్గర వంగి చూసింది. గాజు ప్లాస్టరు కింద చర్మం మామూలుగానే ఉంది, ఎరుపు లేదు, వాపు లేదు, చీము లేదు. అయినా చూడటం ఆపలేకపోయింది. పసుపు లోపలికి పోయిందా? తను అటు తిరగకపోతే ఏమయ్యేది? భీమక్క ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే జవాబు చెప్తారేమోనని భయం. మంచం కోడు పట్టుకుని కూర్చుంది, అన్నం తెస్తే వద్దంది.

"గొట్టం తీసేద్దామా?" అని శివకుమారి శ్రీకాంత్‌ను అడిగింది. ఆమె నోటినుంచి ఆ మాట రావడం అతనికి కొత్త.

"మెడ శుభ్రంగా ఉందక్కా. గొట్టంలోంచి ఒక రక్తం, చేతినుంచి ఒక రక్తం తీసి పంపుదాం. నాకు కాలిమీదే అనుమానం. సర్జన్‌ను పిలుస్తున్నా."

సర్జన్ కాలు తెరిచాడు. లోపల, ఎవరికీ కనబడనంత లోతులో, ముల్లు ముక్క ఇంకా ఉంది, దాని చుట్టూ చీము గూడు కట్టి ఉంది. దాన్నంతా కడిగేశారు. ఆ సాయంత్రానికి వణుకు తగ్గింది, తర్వాతి రోజుకు జ్వరం దిగింది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా మాత్రం శివకుమారి నిలువుకాళ్ల మీదే ఉంది. గొట్టంలో ఏ క్రిమీ లేదని శ్రీకాంత్ వచ్చి చెప్పగానే, ఆమె వేసిన కేకకు కింద వాచ్‌మన్ పైకి పరుగెత్తుకొచ్చాడు. భీమక్క అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది, తర్వాత అన్నం తెమ్మంది, తర్వాత ఇంకొంచెం తెమ్మంది.

బీపీ మందు కొంచెం కొంచెంగా తగ్గించి, ఒకరోజు పూర్తిగా ఆపేశారు. దేవేంద్రప్ప కళ్లలోంచి పందెం మైదానం పోయి ఐసీయూ కనబడసాగింది. శ్రీకాంత్‌ను చూసి, "నీవు బూడిదోడివి గాదు గదప్పా?" అని కొంచెం నిరాశగా అడిగాడు.

ఆ పొద్దున శివకుమారి ట్రే పట్టుకుని వచ్చింది. అవసరం తీరిన గొట్టాన్ని ఒక్క పూట కూడా ఉంచకూడదు. అంత కాపాడిన గొట్టాన్ని తనే తీయాలి. "తాతా, మెడలోది తీసేస్తాండా" అంది ఉషారుగా.

దేవేంద్రప్ప చేయి ఎత్తి చూపాడు. "దీన్ని ఇప్పినాక అది తీయి పాపా. ముందు కట్టినోళ్లు ఇప్పాల."

భీమక్క చేతులు కడుక్కుని వచ్చింది, ఈసారి ఎవరూ చెప్పకుండానే. మొగుడి మణికట్టు పట్టుకుంది. శివకుమారికి ఒక సందేహం ఉండిపోయింది, అడిగేసింది.

"తాతా, పసుపు లేకున్నా మల్లయ్య కంకణమని ఎట్ల నమ్మితివి?"

"యా మల్లయ్య పాపా? పసుపు లేనిది కంకణమెట్లయితాది? నాకు అప్పుడు నా పేరే తెలీదు, యాడుండానో తెలీదు. ఈ ముడి మాత్రం తెల్సు." ఆయన గడ్డంతో భీమక్క వైపు చూపించాడు. "ఇది ఈమె ముడి. పెండ్లయినప్పట్నుంచి సూస్తాండా, మేకను కట్టినా ఇంతే, మూట కట్టినా ఇంతే, ఒక్క ముడి సరింగ కట్టింది లేదు. ఈమె కట్టినవన్నీ నేను మళ్లీ ఇప్పి కట్టేటోన్ని. ఇదొక్కటే ఇప్పలేదు."

"ఐసీయూలో గూడ ఎగతాళేనా నీకు?" అంది భీమక్క, కళ్లనిండా నీళ్లతో, ముడి కొస పట్టుకుని చిన్నగా లాగింది. అది ఒక్క గుంజుకే ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

"సూస్తివా పాపా" అన్నాడు దేవేంద్రప్ప. "పసిబిడ్డ లాగినా వచ్చుండు."